ఆల్డ్రెడ్ స్కాట్ వార్తిన్

ఆల్డ్రెడ్ స్కాట్ వార్తిన్ (అక్టోబరు 21, 1866 - మే 23, 1931) అమెరికాకు చెందిన ప్రముఖ పాథాలజీ శాస్త్రవేత్త, వైద్యాచార్యుడు. మిచిగన్ విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాలకు పైగా పాథాలజీ బోధించాడు. కొన్ని కుటుంబాలలో క్యాన్సర్ తరతరాలుగా సంక్రమిస్తున్నదని వంశవృక్షాల సాయంతో చూపిన తొలి పరిశోధకులలో ఈయన ముఖ్యుడు. అందువలన ఈయనను క్యాన్సర్ జన్యుశాస్త్రానికి పితామహునిగా పేర్కొంటారు. ఈయన 1895లో అధ్యయనం మొదలుపెట్టిన ఒక కుటుంబం వైద్య గ్రంథాలలో కుటుంబం జి అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. ఒక వ్యక్తికి క్యాన్సర్ వచ్చే అవకాశం ఎంత ఉన్నదో ముందుగా తెలిస్తే ఆ వ్యక్తి ఏమి చేయగలడు అనే ప్రశ్నకు ఈ కుటుంబ చరిత్ర ఒక శతాబ్దానికి పైగా సాగిన ఉదాహరణగా నిలిచింది.

జననం, విద్యాభ్యాసం

వార్తిన్ అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో గ్రీన్స్‌బర్గ్ అనే పట్టణంలో జన్మించాడు. చిన్నతనం నుండి సంగీతంపై మక్కువ ఎక్కువ. సిన్సినాటి సంగీత కళాశాలలో చదివి 1887లో సంగీత ఉపాధ్యాయ పట్టా పొందాడు. పియానో వాద్యంలో మంచి ప్రవేశం ఉండేది. మరుసటి సంవత్సరం ఇండియానా విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడయ్యాడు. ఆ తరువాత వైద్యవిద్య కోసం ఆన్ ఆర్బర్ పట్టణంలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో చేరి 1891లో వైద్య పట్టాను, 1893లో డాక్టరేటును పొందాడు. ఆ కాలంలో పాథాలజీ శాస్త్రానికి జర్మనీ, ఆస్ట్రియా దేశాలు ప్రధాన కేంద్రాలు. వార్తిన్ కూడా వియన్నా, ఫ్రైబర్గ్ మొదలైన నగరాలలో కొంతకాలం శిక్షణ పొందాడు. జర్మన్ పండితుడు ఎర్నెస్ట్ జీగ్లర్ రచించిన పాథాలజీ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు.

మిచిగన్ విశ్వవిద్యాలయంలో

చదువు పూర్తయిన తరువాత వార్తిన్ అదే విశ్వవిద్యాలయంలో అధ్యాపకునిగా స్థిరపడ్డాడు. మొదట వైద్య విభాగంలో పనిచేసి, 1895 నుండి పాథాలజీ బోధన బాధ్యతలు చేపట్టాడు. 1903లో పాథాలజీ ఆచార్యునిగా, ప్రయోగశాలల సంచాలకునిగా నియమితుడయ్యాడు. మరణించే వరకు ఆ పదవులలోనే కొనసాగాడు.

శస్త్రచికిత్సలో తొలగించిన ప్రతి కణజాలాన్నీ సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, ఆ వివరాలను నమోదు చేసి భద్రపరచడం వార్తిన్ పద్ధతి. 1895 మొదలుకొని 1912 వరకు ఈ ప్రయోగశాలలో సుమారు 3600 క్యాన్సర్ కేసులు నమోదయ్యాయి. రోగి పేరు, జబ్బు పేరుతో సరిపెట్టుకోకుండా, వీలైన చోటల్లా తల్లిదండ్రులు, తోబుట్టువులు ఏ జబ్బుతో, ఏ వయసులో మరణించారో కూడా రాయించేవాడు. ఆనాటి ఆసుపత్రులలో ఇది సాధారణమైన అలవాటు కాదు. తరువాతి పరిశోధన అంతటికీ ఈ రికార్డులే ఆధారమయ్యాయి.

కుటుంబం జి

1895లో వార్తిన్‌కు ఆన్ ఆర్బర్‌లో కుట్టుపని చేసుకుని జీవించే ఒక స్త్రీతో పరిచయమయింది. ఆమె జర్మనీ నుండి వలస వచ్చిన ఒక రైతు కుటుంబానికి చెందినది. అప్పటికి ఆమె ఆరోగ్యంగానే ఉంది. అయినా తాను ఎక్కువ కాలం బ్రతకనని, గర్భాశయ క్యాన్సర్ గానీ, పొట్ట లేదా ప్రేగుల క్యాన్సర్ గానీ వచ్చి చనిపోతానని ఆమె వార్తిన్‌తో చెప్పింది. తన కుటుంబంలో చాలామంది ఆ విధంగానే మరణించడం ఆమె దిగులుకు కారణం.

సాధారణంగా వైద్యులు ఇటువంటి మాటలను భయంగా భావించి ధైర్యం చెప్పి పంపించేవారు. వార్తిన్ ఆమె మాటలను ఒక పరిశీలనగా తీసుకున్నాడు. ఆమె తన బంధువుల వద్దకు వెళ్ళి ఎవరు ఎప్పుడు, ఏ జబ్బుతో చనిపోయారో తెలుసుకుని వివరాలు సేకరించింది. వార్తిన్ వాటిని ఆసుపత్రి రికార్డులతో సరిచూసి వంశవృక్షాన్ని తయారుచేశాడు. వంశానికి గుర్తుగా జి అనే అక్షరాన్ని మాత్రమే వాడి, వారి పేర్లను గోప్యంగా ఉంచాడు.

ఆమె చెప్పినట్లే జరిగింది. కొంతకాలానికి ఆమెకు గర్భాశయపు లోపొరలో క్యాన్సర్ వచ్చింది, ఆ జబ్బుతోనే మరణించింది. తన ముప్పు గురించి ఆమె వేసుకున్న అంచనా సరైనదే. కాని ఆ అంచనాతో ఆమె చేయగలిగినది ఆనాడు దాదాపు ఏమీ లేదు. ప్రేగుల లోపలి భాగాన్ని చూసే పరికరాలు లేవు. జబ్బు రాకముందే గర్భాశయాన్ని తొలగించే ఆలోచన వైద్యులకు ఇంకా రాలేదు. జబ్బు బయటపడిన తరువాత చేసే శస్త్రచికిత్స ఒక్కటే మార్గం.

1913 వ్యాసం

వార్తిన్ తన ఫలితాలను 1913లో ఆర్కైవ్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే పత్రికలో ప్రచురించాడు. ప్రయోగశాలలో నమోదైన క్యాన్సర్ కేసులలో సగానికి తక్కువ వాటికే కుటుంబ వివరాలు లభించాయి. అలా లభించిన వాటిలో సుమారు 15 శాతం కుటుంబాలలో ఒకరి కంటే ఎక్కువమందికి క్యాన్సర్ వచ్చినట్లు తేలింది. వీటిలో కుటుంబం జి అత్యంత స్పష్టమైన ఉదాహరణ. క్యాన్సర్‌తో మరణించిన తాతగారి సంతతి 48 మంది కాగా, వారిలో 17 మంది క్యాన్సర్ వలన మరణించడమో, దానికి శస్త్రచికిత్స చేయించుకోవడమో జరిగింది. స్త్రీలలో గర్భాశయం, ఇతరులలో పొట్ట ఎక్కువగా జబ్బుకు గురైన అవయవాలు. జబ్బు చిన్న వయసులోనే రావడాన్ని కూడా వార్తిన్ గుర్తించాడు.

వంశపారంపర్య క్యాన్సర్ గురించి ఇంతకు ముందు కూడా కొందరు రాశారు. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా, వార్తిన్ పుట్టిన 1866లోనే, రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా ఉన్న ఒక కుటుంబ చరిత్రను ప్రచురించాడు. అది ఆయన భార్య వంశమని భావిస్తారు. అయితే సూక్ష్మదర్శినితో నిర్ధారించిన రికార్డులు, ఒకే కుటుంబాన్ని దశాబ్దాల పాటు వెంబడించడం వార్తిన్ పరిశోధనకు ఉన్న ప్రత్యేకత. 1925లో ఈయన ఇదే కుటుంబంపై మరొక వ్యాసం ప్రచురించాడు.

సమకాలికుల స్పందన

వార్తిన్ వ్యాసానికి తగినంత ఆదరణ లభించలేదు. క్యాన్సర్ చాలామందికి వచ్చే జబ్బు కాబట్టి, ఒకే ఇంట్లో నలుగురికి రావడం యాదృచ్ఛికం కావచ్చునని విమర్శకులు వాదించారు.

దీనికి మరొక కారణం కూడా ఉన్నది. అమెరికాలో క్యాన్సర్ నియంత్రణ సంఘం ఈ వ్యాసం వచ్చిన 1913లోనే ఏర్పడింది. గడ్డ కనిపించగానే ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు వెళ్ళాలన్నది ఆ సంఘపు ప్రధాన ప్రచారం. క్యాన్సర్ వంశపారంపర్యమని చెబితే ప్రజలు అది నుదుటి రాత అనుకొని, ఎలాగూ తప్పదని వైద్యుని వద్దకే రారని ఉద్యమకారులు భయపడ్డారు. అందుచేత ప్రజల కోసం వేసిన కరపత్రాలలో వంశపారంపర్యత పాత్రను తగ్గించి చెప్పేవారు. ఈ విధంగా, సమాచారం ప్రజల ప్రవర్తనను ఎలా మారుస్తుందో అన్న సందేహమే వార్తిన్ పరిశోధన మరుగున పడడానికి కొంతవరకు కారణమయింది.

ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. క్యాన్సర్ ఎక్కువగా ఉన్న కుటుంబాలలో కొందరు లక్షణాలు కనిపించినా నిరాశతో చికిత్సకు వెళ్ళకుండా ఉండిపోవడాన్ని తరువాతి పరిశోధకులు కూడా గమనించారు. అయితే సమాచారాన్ని దాచినందువలన నిజంగా ముప్పులో ఉన్న కుటుంబాలకు మేలు జరగలేదు. తమ ఇంటి చావుల లెక్క వారికి ముందే తెలుసు. దానికి వైద్యుల నుండి సమాధానం మాత్రం దొరకలేదు.

సుజననశాస్త్రం పట్ల అభిప్రాయాలు

వార్తిన్ ఆనాడు అమెరికాలో బలంగా ఉన్న సుజననశాస్త్ర భావాలను సమర్థించాడు. జబ్బు లక్షణాలు ఉన్న వంశాలు పెరగకుండా చూడడమే నివారణ మార్గమని నమ్మినవారిలో ఈయన ఒకడు. 1928లో బాటిల్ క్రీక్ పట్టణంలో జరిగిన జాతి అభివృద్ధి సమావేశంలో ఈ విషయమై ప్రసంగించాడు. 1930లో వెలువడిన ది క్రీడ్ ఆఫ్ ఎ బయాలజిస్ట్ అనే పుస్తకంలోనూ ఈయన జీవశాస్త్ర దృక్పథం వ్యక్తమవుతుంది. సుజననశాస్త్రం పేరుతో అమెరికాలోని అనేక రాష్ట్రాలలో వేలాదిమందికి బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు జరిగాయి. ఈ సిద్ధాంతం శాస్త్రీయంగాను, నైతికంగాను తప్పని తరువాతి కాలంలో తేలింది.

వార్తిన్ జీవిత చరిత్రలో ఈ భాగాన్ని విస్మరించడానికి వీలు లేదు. ముప్పు ఉన్నదని కనిపెట్టిన వైద్యుని చేతిలో దానిని తగ్గించే సాధనం లేనప్పుడు, ఆ సమాచారం రోగికి కాక సమాజానికి ఉపయోగపడాలనే వాదన తలెత్తింది. అప్పుడు ఆ కుటుంబపు మనుషులు రక్షించవలసినవారుగా కాక, లెక్కించవలసినవారుగా మిగిలిపోయారు.

ఇతర పరిశోధనలు

పాథాలజీలోని పలు రంగాలలో వార్తిన్ కృషి చేశాడు. చెవి కింద ఉండే లాలాజల గ్రంథిలో ఏర్పడే ఒక రకం హానికరం కాని కణితిని 1929లో వివరించాడు. దానిని నేటికీ వార్తిన్ కణితి అంటారు. అలెన్ స్టారీతో కలిసి 1920లో సిఫిలిస్ క్రిములను కణజాలంలో గుర్తించడానికి వెండి లవణాలతో రంగు వేసే పద్ధతిని కనిపెట్టాడు. వార్తిన్-స్టారీ పద్ధతిగా ప్రసిద్ధి చెందిన దీనిని తరువాత ఇతర సూక్ష్మక్రిములను గుర్తించడానికి కూడా వాడారు. పొంగు వ్యాధి (తట్టు) సోకినవారి టాన్సిల్స్‌లో కనిపించే పెద్ద కణాలకు వార్తిన్-ఫింకెల్డే కణాలని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రయోగించిన మస్టర్డ్ విషవాయువు శరీరంపై చూపే ప్రభావాల గురించి కార్ల్ వెల్లర్‌తో కలిసి 1919లో ఒక గ్రంథం రచించాడు. 1929లో వృద్ధాప్యంపై మరొక పుస్తకం వెలువరించాడు. అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ పత్రికకు సంపాదకత్వం వహించాడు.

మృత్యువు మనుషులతో కలిసి నాట్యం చేస్తున్నట్లు చూపే ఐరోపా మధ్యయుగపు చిత్రాలను సేకరించడం ఈయన అభిరుచి. ఆ చిత్రాలలో వైద్యుని పాత్రపై రాసిన పుస్తకం 1931లో ప్రచురితమయింది. అదే సంవత్సరం మే 23న వార్తిన్ ఆన్ ఆర్బర్‌లో మరణించాడు. అప్పటికి ఈయన వయసు 64 సంవత్సరాలు.

మరణానంతరం కుటుంబం జి అధ్యయనం

వార్తిన్ శిష్యుడు, సహరచయిత అయిన కార్ల్ వెల్లర్ 1936లో హౌసర్‌తో కలిసి ఈ కుటుంబపు వివరాలను పొడిగించి ప్రచురించాడు. ఆ తరువాత చాలాకాలం ఈ రికార్డులను ఎవరూ పట్టించుకోలేదు.

1962లో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరంలో హెన్రీ లించ్ (1928 - 2019) అనే యువ వైద్యునికి ఒక రోగి ఎదురయ్యాడు. తన కుటుంబంలో అందరూ పెద్దప్రేగు క్యాన్సర్‌తో పోతున్నారని, తాను కూడా అలాగే పోతానని అతడు చెప్పాడు. 67 సంవత్సరాల క్రితం ఆన్ ఆర్బర్ స్త్రీ చెప్పిన మాట ఇటువంటిదే. లించ్ సామాజిక కార్యకర్త ఆన్ క్రష్‌తో కలిసి ఆ కుటుంబపు వంశవృక్షాన్ని తయారుచేశాడు. విషయం తెలిసిన మిచిగన్ విశ్వవిద్యాలయ పాథాలజీ విభాగాధిపతి జేమ్స్ ఫ్రెంచ్, వార్తిన్ భద్రపరచిన రికార్డులను లించ్‌కు అప్పగించాడు. 1971లో లించ్, క్రష్ ప్రచురించిన వ్యాసంలో కుటుంబం జికి చెందిన 650 మందికి పైగా రక్త సంబంధీకుల వివరాలున్నాయి. తొలి తరాలలో ఎక్కువగా కనిపించిన పొట్ట క్యాన్సర్ తగ్గిపోయి, తరువాతి తరాలలో పెద్దప్రేగు క్యాన్సర్ పెరిగింది. వారసత్వంతో పాటు జీవన పరిస్థితుల ప్రభావం కూడా ఉన్నదని దీనినిబట్టి తెలుస్తుంది.

ఈ వ్యాధికి 1984లో లించ్ సిండ్రోమ్ అనే పేరు వచ్చింది. కణ విభజన సమయంలో డీఎన్ఏ నకలులో దొర్లే తప్పులను సరిదిద్దే జన్యువులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి పుట్టుకతోనే దెబ్బతిని ఉంటే తప్పులు పేరుకుపోయి క్యాన్సర్ త్వరగా వస్తుంది. ఎంఎస్‌హెచ్2 అనే జన్యువును 1993లో, ఎంఎల్‌హెచ్1ను 1994లో కనుగొన్నారు. కుటుంబం జిలో దెబ్బతిన్నది ఎంఎస్‌హెచ్2 జన్యువని 2000లో తేలింది. తల్లిలో గానీ తండ్రిలో గానీ ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకు అది సంక్రమించే అవకాశం సగం. కుట్టుపని చేసే స్త్రీ తన బంధువులందరి గురించి భయపడినది దీనితో రెండు భాగాలయింది. లోపం ఎవరిలో ఉన్నదో, ఎవరిలో లేదో ఒక రక్తపరీక్షతో విడివిడిగా చెప్పడం సాధ్యమయింది.

ముప్పు తెలిసిన తరువాత ప్రవర్తన

క్యాన్సర్ ముప్పు సమాచారం మనుషుల అలవాట్లను మారుస్తుందా అన్న ప్రశ్నకు వార్తిన్ కాలంలో సమాధానం లేదు. తరువాతి అధ్యయనాలు కొంత సమాధానం ఇచ్చాయి.

ఫిన్లాండులో లించ్ సిండ్రోమ్ కుటుంబాలకు చెందినవారిని 15 సంవత్సరాల పాటు గమనించిన అధ్యయనం 2000లో వెలువడింది. మూడేళ్ళకొకసారి పెద్దప్రేగు పరీక్ష చేయించుకున్న 133 మందిలో 8 మందికి ప్రేగు క్యాన్సర్ వచ్చింది, ఆ జబ్బుతో ఎవరూ మరణించలేదు. పరీక్షలు చేయించుకోని 119 మందిలో 19 మందికి ఆ జబ్బు రాగా, 9 మంది దానితో మరణించారు. కొలనోస్కోపీ జబ్బును ముందుగా కనిపెట్టడమే కాక, క్యాన్సర్‌గా మారగల కండలను అప్పుడే తొలగించడానికి వీలు కల్పిస్తుంది. 2006లో వచ్చిన మరొక అధ్యయనంలో, ముందు జాగ్రత్తగా గర్భాశయాన్ని తొలగించుకున్న 61 మంది స్త్రీలలో ఒక్కరికి కూడా గర్భాశయపు లోపొర క్యాన్సర్ రాలేదు. తొలగించుకోని 210 మందిలో 69 మందికి వచ్చింది. లోపం ఉన్న 861 మందిపై జరిగిన మరొక ప్రయోగంలో రోజూ 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ తీసుకున్నవారికి దీర్ఘకాలంలో పెద్దప్రేగు క్యాన్సర్ తగ్గింది. ఈ ఫలితాలు 2011, 2020లలో ప్రచురితమయ్యాయి.

అయితే పరీక్ష అందుబాటులో ఉన్నంత మాత్రాన అందరూ చేయించుకోలేదు. ఫిన్లాండులో జన్యు పరీక్షకు అవకాశం ఇచ్చిన 446 మందిలో 75 శాతం మంది ముందుకు వచ్చారు. అమెరికాలో 1999లో వెలువడిన అధ్యయనంలో ఫలితం తెలుసుకున్నవారు 43 శాతమే. మానసికంగా కుంగిపోయి ఉన్నవారు పరీక్షకు దూరంగా ఉండడం అక్కడ కనిపించింది. ఆరోగ్య బీమా, ఉద్యోగం పోతాయనే భయం కూడా అమెరికాలో ఉండేది. జన్యు సమాచారం ఆధారంగా ఈ రెండింటిలో వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ 2008లో చట్టం వచ్చింది. జీవిత బీమా మాత్రం ఆ చట్టం పరిధిలోకి రాలేదు.

ఫలితం తెలుసుకున్నవారిలో ప్రవర్తన మారిన సందర్భాలు స్పష్టంగా ఉన్నాయి. జన్యులోపం ఉన్నదని తెలిసినవారిలో కొలనోస్కోపీ చేయించుకునేవారు లోపం లేనివారి కంటే చాలా ఎక్కువని 2004లో అమెరికాలో వెలువడిన అధ్యయనం తెలిపింది. లోపం లేదని తెలిసినవారు తరచుగా చేయించుకోవలసిన పరీక్షల నుండి విముక్తులై, అందరికీ వర్తించే సాధారణ పరీక్షలతో సరిపెట్టుకోగలిగారు.

దీనికి భిన్నమైన ఫలితాలు కూడా ఉన్నాయి. 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్షలో 18 అధ్యయనాలను పరిశీలించారు. వివిధ జబ్బులకు సంబంధించిన జన్యుపరమైన ముప్పును తెలియజేయడం వలన పొగ త్రాగడం, ఆహారం, వ్యాయామం వంటి అలవాట్లలో చెప్పుకోదగిన మార్పు రాలేదని తేలింది. అదే సమయంలో, ముప్పు తెలిసినందువలన ప్రజలు అలవాట్లను వదిలేసి నిర్లక్ష్యంగా మారిపోయిన దాఖలాలు కూడా కనిపించలేదు.

ఈ రెండు రకాల ఫలితాల మధ్య తేడా గమనించదగినది. లించ్ సిండ్రోమ్‌లో ముప్పు చాలా ఎక్కువ, చేయవలసిన పని ఒక్కటే, దానిని నిర్ణీత కాలానికి ఆసుపత్రిలో చేస్తారు, దాని ప్రయోజనం రుజువైనది. దైనందిన అలవాట్ల విషయంలో ముప్పులో తేడా స్వల్పం, మార్చుకోవలసినవి ఎన్నో, అవి ప్రతిరోజూ చేయవలసినవి. ఒక అంకె చెప్పి వదిలేస్తే జరిగే మార్పు తక్కువ. ఆ అంకెతో పాటు తేదీ, పరీక్ష, వైద్యుడు కూడా ఉన్నప్పుడు మార్పు ఎక్కువ.

వారసత్వం

లించ్ సిండ్రోమ్ సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. వీరిలో చాలామందికి తమకు ఆ లోపం ఉన్నట్లు తెలియదు. ఒకరిలో లోపం బయటపడితే తోబుట్టువులకు, పిల్లలకు, దాయాదులకు తెలియజేయడం ఎక్కువగా ఆ కుటుంబ సభ్యుల బాధ్యతగానే మిగిలింది. చాలా కుటుంబాలలో ఈ వార్తను చేరవేసేది స్త్రీలే. 1895లో బంధువుల ఇళ్ళకు వెళ్ళి మరణాల వివరాలు సేకరించిన కుట్టుపని స్త్రీ చేసినది కూడా ఇదే.

ఆ వంశానికి చెందిన రచయిత్రి ఆమీ మెకే కెనడాలో స్థిరపడింది. ఆమెలో కూడా ఆ జన్యులోపం ఉన్నది. 2019లో ఆమె తన వంశ చరిత్రను డాటర్ ఆఫ్ ఫ్యామిలీ జి అనే పుస్తకంగా వెలువరించింది. వార్తిన్ కేవలం ఒక అక్షరంతో సూచించిన కుటుంబం ఈ విధంగా తన కథను తానే చెప్పుకొన్నది. క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంటూ జీవిస్తున్న తరం ఇప్పుడు ఆ కుటుంబంలో ఉన్నది.